బట్టీ గట్టెక్కించదు

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో, గడ్చాందూర్‌లో, ఇంకాస్త అవతల బల్లార్‌పూర్, ఘుగ్గుస్ బస్తీల్లో ఇంటర్ సైన్సు పాసైన పిల్ల ఉన్న తెలుగింట్లో నర్సింగ్ మాట రాకుండా ఎండాకాలం గడవదు. ఆ మాట వెంటే సలహా కూడా వచ్చేస్తుంది. నర్సింగ్‌కి పెద్ద తెలివి అక్కర్లేదు, ఓపిక చాలు. గైడు కొనుక్కుని అయిదేళ్ల పాత పేపర్లు బట్టీ కొడితే యాభై మార్కులు ఎక్కడికీ పోవు. అసలు పని వార్డులో పడ్డాక అదే వస్తుంది. చెప్పేది మేనమామ కావచ్చు, మూడో ఏడు చదివే అక్క కావచ్చు, ఒక్కోసారి పాఠం చెప్పే మేడమే కావచ్చు. పిల్ల చంద్రపూర్‌లో చేరినా, ఆదిలాబాద్‌లో చేరినా, కరీంనగర్ పోయి హాస్టల్లో ఉన్నా ఈ సలహా మాత్రం మారదు. దీన్ని కాదనడానికే ఈ వ్యాసం.

ముందు వాళ్ల పక్షం చెప్పాలి. అది గాలికి పుట్టిన మాట కాదు. వార్షిక పరీక్షల్లో నిర్వచనం రాయండి, రకాలు రాయండి, నర్సింగ్ కేర్ ప్లాన్ రాయండి అనే అడుగుతారు. ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి కూడా. పాసు మార్కు నూటికి యాభై. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పిల్లకు ఇంగ్లీషు మూడో భాషో నాలుగో భాషో. పొద్దున వార్డు డ్యూటీ, మధ్యాహ్నం క్లాసులు, రాత్రి రికార్డులు రాయడం. ఇంత ఇరుకులో ఉన్న పిల్లకు దగ్గరి దారి చూపించడం దయే గాని ద్రోహం కాదని వాళ్ల నమ్మకం. ఆ దారిలో వెళ్లి పాసై, ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లూ ఉన్నారు. ఇంత బలమున్న వాదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తే లాభం లేదు, ముక్కముక్కగా విప్పాలి.

1. బట్టీ దగ్గరి దారి అన్న లెక్క

ఈ లెక్కలో తప్పు మొదటి అంకెలోనే ఉంది. ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివితే నాలుగోసారి వాక్యాలు జారుడుబండ మీద జారినట్టు పోతాయి. పిల్లకు వచ్చేసిందనిపిస్తుంది. నిజానికి ఆమెకు వచ్చింది పేజీని గుర్తుపట్టడం. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చుంటే కావలసింది వేరే పని: లోపలున్నదాన్ని ఆనవాలు లేకుండా పైకి లాగడం. చదివినంతసేపూ ఆ పని ఒక్కసారి కూడా చేయకపోతే, మొదటిసారి చేసేది పరీక్ష హాల్లోనే అవుతుంది.

ఇది నా ఊహ కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి పరీక్షించారు. కొందరు అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే లెక్క తలకిందులైంది. చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. 2013లో డన్లాస్కీ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పది చదువు పద్ధతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి తూచింది. తమను తాము ప్రశ్నించుకోవడం, రోజుల ఎడం ఇచ్చి మళ్లీ చూడడం ముందు వరసలో నిలిచాయి. మళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం అడుగున పడ్డాయి. మన హాస్టళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయే చదువు సామాను ఆ రంగు పెన్నే.

పరీక్ష ముందు రాత్రి బట్టీ కొడితే తెల్లారి పాసవ్వవచ్చు, కాదనను. కానీ నర్సింగ్ ఒక్క తెల్లవారితో అయిపోయే చదువా? జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీలో మూత్రపిండం పనిని బట్టీ కొట్టి మరిచిపోయిన పిల్ల రెండో ఏడు కిడ్నీ ఫెయిల్యూర్ పాఠాన్ని మొదటి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు డయాలిసిస్ ఒక బట్టీ, పొటాషియం ఒక బట్టీ, ఆహార నియమం ఇంకో బట్టీ. మొదటిది అర్థమై నిలిచిన పిల్లకు ఆ మూడూ ఒకే కథలోని ముక్కలు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసే పద్ధతిని ఇంట్లో ఎవరైనా చూపిస్తే చీవాట్లు పెడతాం, చదువులో అదే చూపిస్తే ఉపాయం అంటున్నాం.

2. ఇంగ్లీషు రాదు కాబట్టి బట్టీ తప్పదు

వినడానికి ఇది అన్నిటికన్నా జాలిగా ఉంటుంది. తర్కంలో ఇదే అన్నిటికన్నా బలహీనమైనది. భాష రానివాడికి బట్టీ మరింత ప్రమాదం. తెలిసిన భాషలో ఒక పదం మరిచిపోతే ఇంకో పదం పెట్టుకుని వాక్యం పూర్తి చేస్తాం. తెలియని భాషలో బట్టీ కొట్టిన పేరాలో ఒక్క పదం జారితే దాని వెనకాల ఉన్నదంతా కూలుతుంది, ఎత్తిపెట్టడానికి చేతిలో ఏమీ ఉండదు. హైపో, హైపర్ అనే రెండు ముక్కలు తారుమారైతే పొటాషియం తగ్గిన రోగి పెరిగిన రోగి అయిపోతాడు. ఆ తేడా పరీక్షలో రెండు మార్కులు, వార్డులో ఒక గుండె.

ఈ ప్రాంతం పిల్లల చేతిలో నిజానికి ఏముందో చూడండి. ఆవర్‌పూర్, గడ్చాందూర్ ఉన్న అప్పటి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. పాలన మారినా నాలుకలు మారలేదు. ఆ తర్వాత గనులూ, సిమెంటు కర్మాగారాలూ ఇంకొందరు తెలుగువాళ్లను తెచ్చాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలనీలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. దీన్ని లోటని చూసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. వార్డులో రోగి ఇంగ్లీషు మాట్లాడడు. కోర్పనా నుంచి వచ్చిన రైతు మరాఠీలోనో, జివతీ గుట్టల నుంచి వచ్చిన ముసలమ్మ గోండీ కలిసిన మాటల్లోనో నొప్పి చెప్పుకుంటారు. అది విని ఇంగ్లీషులో కేస్ షీట్ రాయాలి. అర్థాన్ని భాష నుంచి భాషకు మోయడమే రేపటి పని అయినప్పుడు, అర్థం లేకుండా అక్షరాలు మోసే అలవాటు ఎందుకు నేర్పుతున్నాం?

చేయవలసింది దీనికి తిరగబడ్డ వరస. ముందు సంగతి అర్థమయ్యే భాషలో అర్థం కావాలి. ఓఆర్ఎస్ పాఠమే తీసుకోండి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పొడిలో సోడియం 75, గ్లూకోజు 75, మొత్తం గాఢత 245. గైడు చదివిన పిల్ల ఈ అంకెలన్నీ అప్పజెబుతుంది. విరేచనాలైతే ఉప్పు పోతుంది సరే, చక్కెర ఎందుకు కలపాలే అని వాళ్లమ్మ అడిగితే చెప్పగలదా? పేగు గోడ గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు సోడియాన్ని కూడా వెంటపెట్టుకుని తీసుకుంటుంది, ఆ వెనకే నీళ్లు వెళ్తాయి, ఈ తలుపు విరేచనాల్లో కూడా చాలావరకు తెరిచే ఉంటుంది. ఇంత మాట అమ్మకు తెలుగులో చెప్పగలిగిన పిల్ల దాన్నే నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయగలదు. వ్యాకరణం వంకరగా ఉండవచ్చు. దిద్దే మేడం చూడాల్సింది సంగతి ఉందా లేదా అనే.

3. పాత పేపర్లు చాలన్న ధీమా

కాలేజీ పరీక్షకు చాలవచ్చు. కానీ ఆ పరీక్ష ఈ వృత్తిలో ఆఖరిది కాదు. ఎయిమ్స్ ఆసుపత్రులకు నర్సింగ్ ఆఫీసర్లను తీసుకునే నార్సెట్ 2020లో మొదలైంది. ఇప్పుడు ప్రిలిమ్స్, మెయిన్స్ రెండంచెలు. 2023లో తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు స్టాఫ్‌నర్సు పోస్టులకు పెట్టింది కూడా కంప్యూటర్ మీద బహుళైచ్ఛిక పరీక్షే. అమెరికా పోవాలనుకునే వాళ్లకు ఎన్‌క్లెక్స్ ఉంది. అందులో మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, పక్క సీటులో కూర్చున్న వాళ్లకు వచ్చిన ప్రశ్న మీకూ వస్తుందన్న హామీ లేదు. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. 2023 ఏప్రిల్ నుంచి అందులో ఒక రోగి కథ ఇచ్చి వరసగా ఆరు ప్రశ్నలడిగే పద్ధతి చేర్చారు. ఏ లక్షణాలు ముఖ్యం, వాటి అర్థం ఏమిటి, ముందు దేన్ని అనుమానించాలి, ఏం చేయవచ్చు, ఏం చేస్తావు, చేశాక ఫలించిందని ఎలా తెలుస్తుంది. ఈ ఆరింటికీ పాత పేపరు ఎక్కడ దొరుకుతుంది?

ఒక ప్రశ్న చూద్దాం. గుండె జబ్బు రోగి డిగాక్సిన్, ఫ్యూరోసెమైడ్ రెండూ వేసుకుంటున్నాడు. పొద్దున్నుంచి వాంతులు, చూపు పసుపుపచ్చగా ఉందంటున్నాడు. నాడి 52, పొటాషియం 2.9. ముందేం చేస్తావు? నాడి 60 కన్నా తక్కువైతే డిగాక్సిన్ ఆపాలన్న ఒక్క ముక్క బట్టీ పట్టిన పిల్ల సగం దూరం వస్తుంది. ఫ్యూరోసెమైడ్ మూత్రంతోపాటు పొటాషియాన్ని పోగొడుతుందని ఒక పాఠంలో, పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషమవుతుందని ఇంకో పాఠంలో, పసుపు చూపు ఆ విషానికి గుర్తని మరో పాఠంలో ఉంటుంది. మూడూ విడివిడిగా వచ్చి, కలపడం రాకపోతే వాంతుల మందు ఇచ్చే ఆప్షన్ దగ్గర చేయి ఆగిపోతుంది. మందు ఆపి, డాక్టరుకు చెప్పి, ఈసీజీకి సిద్ధం చేయాలన్నది ఏ ఒక్క పేజీలోనూ రాసి ఉండదు.

పాత పేపర్లు పారేయమనడం లేదు. వాటిని వాడే తీరు తప్పంటున్నాను. జవాబు పక్కన పెట్టుకుని చదివేందుకు కాదు అవి, జవాబు చూడకముందు కుస్తీ పట్టేందుకు. తప్పైన ప్రశ్నకు సరైన జవాబు రాసుకుంటే సరిపోదు. మిగిలిన మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో, ఏ రోగి విషయంలో అవి ఒప్పవుతాయో కూడా రాసుకోవాలి. ఒక్క ప్రశ్న అప్పుడు నాలుగు పాఠాలవుతుంది.

4. పరీక్ష హాలు సామెతలు

మొదట తట్టిందే సరైనది, మార్చొద్దు అంటారు. 2005లో క్రూగర్, వర్ట్జ్, మిల్లర్ అనే పరిశోధకులు 1,500 మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపి మార్చిన చోట్లన్నీ లెక్కబెట్టారు. మార్చినవాటిలో దాదాపు సగం తప్పు నుంచి ఒప్పుకు వెళ్లాయి, ఒప్పు నుంచి తప్పుకు వెళ్లినవి పావు వంతు. మార్చి పోగొట్టుకున్న మార్కు మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది, మార్చి సంపాదించింది గుర్తుండదు. అంతకుమించి ఈ సామెతకు ఆధారం లేదు. కారణం కనబడితే మార్చాలి, కంగారుతో మార్చకూడదు.

రెండో సామెత: తప్పుకు మార్కు కోస్తారు కాబట్టి తెలియనిది వదిలెయ్. నార్సెట్‌లో కోత మూడో వంతు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెట్టినా సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్ ఖాయంగా తప్పని తెలిస్తే మిగిలిన మూడింట్లో పెట్టడం సగటున లాభమే. ఈ లెక్క ఆరో తరగతి లెక్క. డ్రిప్ చుక్కలు లెక్కగట్టాల్సిన పిల్లకు ఇది చేయించకుండా భయం ఒక్కటే అప్పజెప్పి పంపుతున్నారు.

5. వార్డులో అదే వస్తుంది

అసలు గొడవ ఇక్కడే. పై నాలుగూ మార్కుల నష్టం, ఇది మనుషుల నష్టం.

పరీక్ష వేరు, పని వేరు అన్న నమ్మకం మీద ఈ మాట నిలబడింది. ఆ రెండూ వేరా? వార్డులో సిస్టర్ చేసేదేమిటి? పుస్తకం తెరిచే వ్యవధి లేకుండా, ఉన్న నాలుగు ఆనవాళ్లను బట్టి ముందేం చేయాలో తేల్చుకోవడం. మంచి ప్రశ్నపత్రం అడిగేది కూడా అదే. ప్రసవమైన తల్లికి రక్తం ఆగకుండా పోతోంది. కారణాలు నాలుగని బట్టీ కొట్టిన పిల్ల వేళ్లు మడిచి లెక్కపెడుతుంది. అర్థం చేసుకున్న పిల్ల చేయి పొట్ట మీదికి వెళ్తుంది: గర్భసంచి మెత్తగా ఉందా, గట్టిగా ఉందా? మెత్తగా ఉంటే సాయం కోసం కేకేస్తూనే మర్దన. ఒక పక్కకు జరిగి ఉంటే మూత్రసంచి నిండిందేమో, ఖాళీ చేయించాలి. గట్టిగానే ఉండి రక్తం పోతుంటే చిరుగు వెతకాలి. ఆ వరస అర్ధరాత్రి నైట్ డ్యూటీలో ఉన్నట్టుండి పుట్టదు.

ఇన్సులిన్ చూడండి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలున్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజరంగు మూత సిరంజి. ఎర్రమూత సిరంజిలో పొరపాటున 100 రకం ఇన్సులిన్‌ను 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. ఇవ్వాల్సినదానికి రెండున్నర రెట్లు. డ్రిప్ కూడా అంతే. నాలుగు గంటల్లో 500 మిల్లీలీటర్ల సెలైన్ వెళ్లాలంటే మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్‌లో నిమిషానికి 42 చుక్కలు, 15 చుక్కల సెట్‌లో 31, పసిపిల్లలకు వాడే 60 చుక్కల సెట్‌లో 125. నిమిషానికి నలభై అని సీనియర్‌ను చూసి నేర్చుకున్న చేతికి సెట్ మారిన సంగతి ఎవరు చెబుతారు? వార్డు చేతికి వేగం నేర్పుతుంది. తప్పును కూడా అంతే వేగంగా నేర్పుతుంది.

పైగా విద్యార్థికి వార్డులో దొరికేది ఏమిటో ఒప్పుకుందాం. స్టాఫ్ తక్కువున్న చోట ఆమె ఒక జత చేతులు. బీపీలు చూడు, పరుపులు సర్దు, శాంపిళ్లు ల్యాబ్‌కు పట్టుకెళ్లు. రాత్రి హాస్టల్లో కేర్ ప్లాన్ రాయాలి కాబట్టి సీనియర్ రికార్డు దించుకుంటుంది. చూసిన రోగి ఒకరు, రాసిన రోగి ఇంకొకరు. నర్సింగ్ చదువు మొత్తంలో ఆలోచించమని అడిగే పని ఏదైనా ఉందంటే అది కేర్ ప్లానే. దాన్నే చూసి రాసే పని చేసేశాం. ఆ తర్వాత వార్డులో అదే వస్తుందంటున్నాం.

ఆ వార్డునే నిజమైన చదువుగా మార్చడానికి పైసా ఖర్చు లేదు. డ్యూటీ దిగాక కేస్ షీట్ చూడకుండా ఒక రోగి గురించి రాయాలి: జబ్బు, వేసే మందులు, ఒక్కో మందు ఎందుకు, రాత్రి ఈ రోగికి ఏం చెడిపోవచ్చు, చెడిపోతే మొదట కనబడే గుర్తు ఏది. మర్నాడు షీట్‌తో సరిచూసుకోవాలి. చంద్రపూర్ జిల్లాలో ఇందుకు కేసుల కొరత లేదు. మే నెలలో వడదెబ్బ, గోండు, కోలాం గూడేల నుంచి సికిల్‌సెల్ నొప్పితో వచ్చే పిల్లలు, దుమ్ములో పనిచేసి దగ్గుతో వచ్చే కార్మికులు. 2023లో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆ జబ్బును గైడులో పావు పేజీగా చదివి, పక్క మంచం మీదున్న పిల్లాడికి నీళ్లు ఎక్కువ తాగించమని ఎందుకంటారో తెలియని విద్యార్థిని తయారుచేయడం అవమానం.

6. ఫెయిలైతే పిల్ల సోమరి

సలహా పనిచేయనప్పుడు దాన్ని ఇచ్చినవాళ్లు తప్పించుకునే దారి ఇది. రాత్రి రెండింటి దాకా కూర్చుంది, ఇంకా ఎక్కువ కూర్చోవాల్సింది అంటారు. కానీ పగటి చదువు చాలావరకు నిద్రలో స్థిరపడుతుంది. నిద్ర కోసి గంటలు పెంచితే చదివింది కూడా నిలవదు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్లను నేరుగా క్లాసులో కూర్చోబెట్టి, కునికితే మందలించే కాలేజీకి సోమరితనం గురించి మాట్లాడే హక్కు లేదు. ఇంటర్నల్స్ ప్రశ్నలు కూడా గైడులోంచే తీసి, అందులోని వాక్యమే రాసినవాళ్లకు మార్కులు వేసే మేడానికీ లేదు. బట్టీని తిడుతూనే బట్టీకి మాత్రమే కూలి ఇస్తుంటే పిల్లలు ఇంకేం చేస్తారు?

భారత నర్సింగ్ మండలి నియమాల్లో థియరీకి 80 శాతం హాజరు కావాలి, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు నిండాలి. హాజరు లెక్కపెట్టడానికి రిజిస్టరుంది. ఆ గంటల్లో పిల్లను ఎన్నిసార్లు ప్రశ్నించారో, ఎన్నిసార్లు ఆమె ఆలోచించి తప్పు చెప్పి దిద్దుకుందో రాసే రిజిస్టరు ఎక్కడా లేదు.

చివరి అభ్యంతరం ఒకటి తరచూ వింటాను: ఇవన్నీ పెద్ద కాలేజీల కబుర్లు, కోచింగుకు డబ్బున్న వాళ్లవి. దీనికి కావలసింది ఒక లాంగ్ నోట్‌బుక్. పేజీ మధ్యకు మడిచి ఎడమన ప్రశ్న, కుడిన జవాబు. కుడివైపు మూసి రాయడం, మూడోనాడు మళ్లీ, వారం దాటాక మళ్లీ. రూమ్మేట్‌తో ఒకరినొకరు ప్రశ్నించుకోవడం. పేద పిల్లకు అందనిదేదీ ఇందులో లేదు. ఏటా కొనే గైడ్ల కన్నా ఇది చౌక. సప్లీ ఫీజు, పోయిన ఆరు నెలలు, రాని స్టైపెండు, మళ్లీ హాస్టలు బిల్లు కలిపి చూసుకుంటే ఎవరి పద్ధతి డబ్బున్నవాళ్లదో తేలిపోతుంది.

కాబట్టి ఈ ఏడు పిల్లను చేర్చడానికి చంద్రపూర్ పోయినా, కరీంనగర్ పోయినా, పాసు శాతం బోర్డు చూసి తిరిగి రాకండి. రెండో ఏడు పిల్లలు రాసిన రెండు కేర్ ప్లాన్లు అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఇద్దరు వేరువేరు రోగుల మీద రాసినవాటిలో వాక్యాలు వరసగా ఒకేలా కనబడితే, ఫీజు కట్టకుండా లేచి ఇంకో కాలేజీకి వెళ్లండి.